విద్యార్థి వ్యాసము – పెద్దల దిద్దుబాటు

(సంఘ వార్షిక మహాసభ, రెండవనాటి విద్యాగోష్ఠియందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ఇట్టి సభలలో విద్య యనగానే వసతిగృహమునకు గదులు, విద్యార్థివేతనములకు చందాలు, పరీక్షలలో ఉత్తీర్ణులైనవారి పట్టిక – వీనిని గూర్చి ప్రసంగించుట వాడుక. అవి చెప్పుటకు నాకంటె సమర్థులు వేదికపై నున్నారు. ముప్పదియైదేండ్లు బడిలో సుద్దముక్కయు నెఱ్ఱసిరాకలమును పట్టినవాడను గనుక నాకు తెలిసిన చిన్నపని నొకదానిని గూర్చి చెప్పెదను. విద్యార్థి తాను వ్రాసిన వ్యాసమును పరీక్షకుల చేతికిచ్చుటకు ముందు సరిచూచుకొనుటయే యా పని.

చిన్నపని యంటినిగాని, దానివలననే యీయేడు మన సంఘము పెట్టిన వ్యాసరచనపోటీలో నొక చిక్కు వచ్చినది. 'గోదావరి యానకట్ట' యను విషయముపై వచ్చిన వ్యాసములను చదువుటకు నియమింపబడిన మువ్వురిలో నేనొకడను. చదువగా చదువగా నవి తమంతట తామే రెండు కుప్పలైనవి. ఒక కుప్పలోని వ్యాసములలో దస్తూరి పదునైదేండ్ల పిల్లవానిది, భాష యఱువదియేండ్ల పెద్దమనుష్యునిది. రెండవ కుప్పలోనివి వ్రాసిన పిల్లవాడుగూడ మరల చదివి చూడక కవరులో పెట్టి పంపినవి. రెండవ కుప్పను చూచి నాకు జాలి కలిగినది. మొదటి కుప్పను చూచి మాత్రము సిగ్గు కలిగినది. ఏలయన నేనును ఒకనాడట్టి పెద్దమనుష్యుడనే.

ఆ సంగతి చెప్పక ముందునకు పోవుట ధర్మముగాదు.

1986వ సంవత్సరము ఆగస్టు నెలలో గోదావరికి వచ్చిన వరద మీలో పెక్కురకు జ్ఞాపకముండును. ధవళేశ్వరమువద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పాఱినది. ఏటిగట్లకు పలుచోట్ల గండ్లు పడినవి, లంకలు మునిగిపోయినవి. నేనప్పుడు భాషాప్రవీణ పట్టము చేతబట్టుకొని కోనసీమలో నొక యున్నతపాఠశాలయందు క్రొత్తగా చేరిన తెలుగుపండితుడను. కొన్ని నెలలకు 'నేను చూచిన వరద' యను విషయముపై బడిపిల్లలకు పోటీ పెట్టిరి. లంకనుండి పడవ దాటి బడికి వచ్చు పదవతరగతి పిల్లవాడొకడు రెండు పుటలు వ్రాసి తెచ్చి నాకు చూపెను. అందు తప్పులకు కొదువలేదు. 'వరధ' యని వ్రాసినాడు; ఒత్తు ఉండవలసినచోట లేదు, లేనిచోట నున్నది. కాని యందే యీ రెండు వాక్యములును ఉన్నవి: "తెల్లారాక మా నాన్న గట్టు మీద గేదెల్ని లెక్కెట్టాడు. మళ్ళీ లెక్కెట్టాడు."

నేనెఱ్ఱసిరా తీసికొంటిని. వర్ణక్రమము దిద్ది యూరకుండినచో బాగుండెడిది. నాకప్పటి సంస్కృతపుటుత్సాహము ఊరకుండనీయలేదు. గట్టు పోయి సేతువు వచ్చినది. గండి పోయి సేతుభంగము వచ్చినది. గేదెలు పోయి, ప్రభాతసమయమున తీరవాసులు పశుసంపన్నాశమునకు వగచి శోకసాగరమున మునింగిరను వాక్యము వచ్చినది. పిల్లవాడు దానిని ముత్యములవంటి యక్షరములతో సాపువ్రాసి పోటీకి పంపెను. కొందఱిని పిలిచి మాటాడించుట యా పోటీలో నొక నియమము. పరీక్షకులలో నొక వృద్ధుడు, "సేతుభంగమంటే ఏమిటి నాయనా?" యని యడిగెను. వాడు తలవంచుకొని నిలుచుండెను. "ఇది ఎవరు వ్రాశారు?" అని యడుగగా, "మా మాస్టారండీ" యని నిజము చెప్పెను. వ్యాసమును ప్రక్కకు పెట్టివేసిరి. అది న్యాయమే. తిరిగి వచ్చునపుడు పడవలో వాడు నన్నొక్కమాట యడిగినాడు: "మాస్టారండీ, గేదెల మాట బాగోలేదాండీ?"

నేను బదులు చెప్పలేకపోతిని. ఆ తండ్రి రెండవసారి లెక్కపెట్టుటలో నున్న దుఃఖమును నా శోకసాగరము ముంచివేసినదని నాకు తోచుటకు మఱికొన్ని యేండ్లు పట్టినది. వాడు మరల నే పోటీకిని వ్రాయలేదు.

అట్లయినచో పెద్దలు పిల్లల వ్రాతను ముట్టుకొననేరాదా యని మీరడుగవచ్చును. ఆ మాట నేననను. మన రాజమహేంద్రవరమున పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు భారతమును తెనిగించుటకు పూనుకొన్నపుడు నారాయణభట్టు తోడ్పడెను. నన్నయ యా సంగతిని దాచుకొనలేదు. గ్రంథారంభముననే యాతని పేరు చెప్పి, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడు తోడైనట్లు తోడైనాడని కృతజ్ఞత తెలిపినాడు. రాజు ఆ నారాయణభట్టునకు కోనసీమలోని నందంపూడి యగ్రహారము నిచ్చెను. ఆ శాసనమును రచించినవాడును నన్నయయే. కృష్ణుడు రథము తోలెను, బాణము వేసినవాడర్జునుడు. సాయము చేసినవాని పేరు చెప్పుటకు వెఱపు లేనపుడే యా సాయము సక్రమమైనదని నాకు తోచును. మొదటి కుప్పలోని వ్యాసములలో నొక్కదానియందును 'మా పెదనాన్నగారు చూచి సలహా చెప్పినారు' అను వాక్యము లేదు.

ఇక దిద్దుకొను పద్ధతి. మొదట దిద్దవలసినవాడు వ్రాసిన పిల్లవాడే. వ్రాసిన రాత్రియే దిద్దరాదు. మనస్సులో నున్నదానినే కన్ను కాగితముపై చూచును. అక్షరము లేకపోయినను ఉన్నట్లే చదువుకొనిపోవును. ఒక రాత్రి కడచినచో తన వ్రాత కొంత పరాయిదగును. మఱునాడు పైకి చదువవలెను. ఊపిరి చాలని వాక్యమును విఱుగగొట్టవలెను.

మన పూర్వులు కాగితము లేకయే వేదమును తప్పుపోకుండ కాపాడిన విధము దీనికి మంచి యుదాహరణము. సంహితగా చదివినదానిని పదములుగా విడదీసిరి. క్రమపాఠమున రెండేసి పదములను కూర్చిరి. జటలో ముందునకును వెనుకకును త్రిప్పిరి. ఘనలో మూడేసి పదములను మరల మరల త్రిప్పి చదివిరి. పాఠము ధారగా పోవునపుడు నాలుకకు తెలియని తప్పు, ధార త్రెంచి వెనుకకు నడచినపుడు తెలియును. మన పిల్లలకు ఘనపాఠ మక్కఱలేదు. కడపటి వాక్యమునుండి మొదలుపెట్టి వాక్యము తరువాత వాక్యముగా పైకి నడచినచో చాలును. అర్థము చేయిపట్టి లాగదు గనుక అక్షరము కంటబడును.

నేను చదువుకొనునపుడు రాజమహేంద్రవరమున నొక యచ్చుకూటమున సాయంకాలములు ప్రూఫులు దిద్ది ఆ డబ్బుతో జీతము కట్టుకొంటిని. అవి సీసపుటక్షరముల దినములు. కంపోజిటరు అద్దములో చూచినట్లు త్రిప్పియున్న యక్షరములను పేర్చును. ఒత్తు వేఱుముక్క గనుక చేయి తగిలినచో జాఱిపోవును. అచ్చట మా పద్ధతి, మూలప్రతిని ఒకడు పైకి చదువగా మఱియొకడు ప్రూఫును చూచుట. నాకు మూలము చదువుటకు పదునాలుగేండ్ల పనిపిల్లవానిని ఇచ్చిరి. పండితుడనైన నాకు వీడు తోడా యని మొదట చిన్నబుచ్చుకొంటిని. పది దినములలో వాని విలువ తెలిసినది. వానికి అర్థము పట్టదు గనుక ఉన్నది ఉన్నట్లే చదివెడివాడు. నేను చదివినచో లేనిదానిని గూడ కలిపి చదివెడివాడను. ఇంటిలో వ్యాసము దిద్దుకొను విద్యార్థి తన చెల్లెలిచేత పైకి చదివించుకొనవలెనని నేను చెప్పునది యీ యనుభవమువలననే. చెల్లెలు ఎచ్చట తడబడునో అచ్చట గీత గీయుడు; పదింట తొమ్మిదిచోట్ల వాక్యమే కుంటుచుండును. ఇంత చేసియు మా యచ్చుకూటమునుండి వెడలిన పుస్తకముల చివర తప్పొప్పుల పట్టిక యుండనే యుండెడిది. ఆ పట్టికలోను తప్పులుండెడివి.

పిల్లలు అక్షరదోషములతో మొదలుపెట్టుదురు. అది కడపటి పని. కొట్టివేయబోవు వాక్యమునకు ఒత్తులు దిద్దుటవలన ప్రయోజనమేమి? మొదట విషయము నిజమా కాదా చూడవలెను. ఈయేటి వ్యాసములలో 'కాటను దొర కట్టిన వంతెనపై నేడు బస్సులు పోవుచున్నవి' యను వాక్యము చాలమంది వ్రాసినారు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో నారంభమై 1852లో ముగిసినది ఆనకట్ట. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదికడ్డముగ కట్టబడినది. బస్సులు పోవుచున్నది 1982లో పూర్తియైన బ్యారేజిపైని. కాటను పేరు దానికి పెట్టుటచేత పిల్లలు రెంటిని ఒకటి చేసినారు. దిద్దిన పెద్దలు ఆ వాక్యమున 'బస్సు'ను 'శకటము'గా మార్చినారేగాని తప్పును ముట్టుకొనలేదు! ఇంకొకరి వ్యాసమున ఆనకట్ట 1582లో ముగిసినది. కాటను పుట్టినది 1803లో. 1852 వ్రాయబోయి అంకెలు తాఱుమాఱైనవి. అక్షరములను చదివినట్లు అంకెలను ఎవ్వరును చదువరు. కన్ను వానిపైనుండి దాటిపోవును. అందుచేత అంకెలను, ఊళ్లపేళ్లను, మనుష్యులపేళ్లను వేఱుగా నొకసారి, మూలపుస్తకము ప్రక్కన పెట్టుకొని చూడవలెను. మూలము లేని మాట వ్రాయరాదనియు, అక్కఱలేని మాట చెప్పరాదనియు కాళిదాసునకు వ్యాఖ్య వ్రాసిన మన తెలుగుదేశపు మల్లినాథసూరి తనకు తాను నియమము పెట్టుకొనెను. ఆ నియమమును మన పదవతరగతివానికి ఒప్పజెప్పవచ్చును. కాటనునకు తోడుగా నిలిచి పనిచేయించిన వీణెం వీరన్నగారి పేరు మాత్రము, ఉండవలసినదై యుండియు, ఒకరిద్దఱి వ్యాసములలోనే కనబడినది.

ఇపుడక్షరములు. ఇక్కడ నాకు కొంచెము ఎక్కువసేపు నిలువవలెనని యున్నది, మన్నింపుడు. 'దశాబ్ధములుగా' అని వ్రాయువారు లెక్కకు మిక్కిలి. అబ్దమనగా సంవత్సరము, అబ్ధి యనగా సముద్రము. 'అయిదు దశాబ్ధముల సేవ' యని సన్మానపత్రమున వ్రాసినచో ఆ పెద్దమనుష్యుని ఏబది సముద్రముల దగ్గఱకు తీసికొనిపోయినట్లగును. అర్థము వేఱు, అర్ధము వేఱు, రెండవది సగము. బాధను 'భాద' యనియు, విద్యార్థిని 'విధ్యార్థి' యనియు వ్రాయుచున్నారు. ప్రముఖుని భావము ప్రాముఖ్యము. దానికి మరల 'త' తగిలించి 'ప్రాముఖ్యత' యనుట తలపాగాపై టోపీ పెట్టుట. ఈ తప్పులను పిల్లలు పుట్టించలేదు. అంగడి బోర్డులపైని, శుభలేఖలపైని, మన సంఘపు కరపత్రములపైని పెద్దలు అచ్చువేసినవానినే వారు చూచి నేర్చుకొన్నారు. ఇపుడు ఫోనులో రెండక్షరములు కొట్టగానే మిగిలిన మాటను అదియే అందించుచున్నది. పదిమంది తప్పుగా వ్రాసినది పదునొకండవవానికి ఒప్పుగా అందుచున్నది.

ప్రతివానికిని తనవైన తప్పులు కొన్ని యుండును. నోటుపుస్తకము కడపటి పుటలో వానిని వ్రాసికొని, సాపువ్రాయుటకు ముందు ఆ పట్టికతో సరిచూచుకొనవలెను. నాకును అట్టి పట్టిక కలదు. 'చిహ్నము' అను మాటలో హకారము ముందో నకారము ముందో నేటికిని నేను నిఘంటువు చూడక వ్రాయను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. తరువాత నెన్ని నిఘంటువులు వచ్చినను నా బల్లపై నదియే యుండును.

ఈ 'ఒప్పు' ఏది యను ప్రశ్నపైననే మన ప్రాంతమున నూఱేండ్లక్రిందట పెద్దకలహము జరిగినది. కోనసీమలోని ముక్తేశ్వరమున పుట్టిన జయంతి రామయ్యపంతులుగారు 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించి గ్రాంథికమును నిలబెట్టుటకు పూనుకొనిరి. గిడుగు రామమూర్తిపంతులుగారును గురజాడ అప్పారావుగారును వాడుకభాషకు బడిలో చోటీయవలెననిరి. వారు పోరాడినది కావ్యములకొఱకు మాత్రమే కాదు. పరీక్షలో పిల్లవాడు వ్రాసెడి వ్యాసమునకై. ఆ వ్యాసమున 'వెళ్ళాడు' అని యున్నచో ఎఱ్ఱగీత గీయవలెనా వలదా యన్నదే ప్రశ్న. మదరాసు విశ్వవిద్యాలయమువారి సంఘమున గురజాడవారు 1914లో తమ యసమ్మతిపత్రమును సమర్పించిరి. తమ గ్రంథములలో పెక్కింటిని గ్రాంథికమున వ్రాసిన కందుకూరి వీరేశలింగముగారు 1919లో, తాము పరమపదించిన సంవత్సరముననే, రాజమహేంద్రవరమున వాడుకభాషా ప్రవర్తకసమాజమునకు అధ్యక్షులైరి. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట తన చేతి యలవాటునకు వ్యతిరేకముగా నొక మాట యొప్పుకొనుట యెంత కష్టమో నా యీడువారికి తెలియును. గిడుగువారు మఱొక పని చేసిరి. పిల్లల వ్రాతపై ఎఱ్ఱసిరా పోయుచున్న పండితుల గ్రంథములనే తీసి, వారి వ్యాకరణము ప్రకారమే వారెన్ని తప్పులు చేసిరో చూపుచు 'ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము' వ్రాసిరి.

మఱి నీవేల గ్రాంథికమున మాటాడుచున్నావని వెనుకవరుసలో కుఱ్ఱవారు నవ్వుకొనుచున్నారు. నన్ను దిద్దిన గురువులు ఇట్లు దిద్దిరి. ఈ వయసున చేయి తిరుగదు. అరసున్నలను మాత్రము ఈ సంచికను కూర్చువారిపై దయదలచి విడిచితిని. గిడుగువారు చూచినచో ఇందును తప్పులు పట్టియుందురు. నేను చెప్పదలచినది, పిల్లవాడు 'వెళ్ళాడు' అని వ్రాసినచో వ్యాసమంతటను అట్లే యుండనిండు. నా యెదుటికి వచ్చిన వ్యాసములలో చాలవానియందు మొదటి పుటలో 'వెళ్ళాడు', రెండవపుటలో 'ఏగెను', మూడవపుటలో మరల 'వెళ్ళాడు'. తాతగారు రెండవపుట చూచుచుండగా నిద్రవచ్చినదని తీర్పరులకు తెలిసిపోవుచున్నది.

'దశాబ్ధము' తప్పు, 1582 తప్పు, 'గండి' తప్పుగాదు. లాకు, లంక, మురుగుకాలువ, ఊడ్పు – ఇవి మన డెల్టావారి మాటలు. వీనికి సంస్కృతమున పేళ్లు వెదకి పెట్టుటవలన వ్యాసమునకు గౌరవము రాదు. దిద్దు పెద్దమనుష్యుడు ఎఱ్ఱసిరా మాని పెన్సిలు పట్టవలెను. మాటను తాను వ్రాయక, సందేహమున్నచోట గీత మాత్రము గీచి, "ఇక్కడ నీవేమి చెప్పదలచితివి?" అని యడుగవలెను. పిల్లవాడు నోటితో చెప్పినది తఱచుగా తాను వ్రాసినదానికంటె బాగుండును. అదే వ్రాయుమనవలెను. ఇందుకు ఓపిక కావలెను. తాను వ్రాసియిచ్చుట పావుగంటలో నగును. అడిగి వ్రాయించుటకు రెండుగంటలు పట్టును.

వ్యాసమును వ్రాసియిచ్చు యంత్రములును ఇప్పుడు ఫోనులోనికి వచ్చినవి. వానిని గూర్చి నాకు తెలిసినది తక్కువ. చూచినంతవఱకు, నేను 1986లో నొక సాయంకాలమంతయు కూర్చుండి చేసిన పనిని అది నిమిషములో చేయుచున్నది. గేదెలను తీసివేయుటలో దానికిని నాకును భేదము కనబడలేదు.

కావున కార్యవర్గమువారికిని దాతలకును నా మనవి యిది. వచ్చేయేటి పోటీకి సాపుప్రతితోపాటు చిత్తుప్రతినిగూడ, కొట్టివేతలతో నున్నదున్నట్లు, జతపరుపవలెనని నియమము పెట్టుడు. ఎవరు చూచిపెట్టినది చివర నొక పంక్తిలో వ్రాయుమనుడు. వ్రాసినందువలన మార్కు తగ్గింపబడదని ముందే ప్రకటింపుడు. బహుమతికి తగినవారిని వేఱుగదిలో కూర్చుండబెట్టి రెండు ప్రశ్నలడుగుడు; వేదికపై నలుగురిలో వలదు. తలవంచుకొని నిలుచున్న పిల్లవానిని ఒకనిని చూచితిని, చాలును. బంగారుపతకము నిచ్చుచున్న దాతగారు దాని తూకము కొంచెము తగ్గించియైనను వసతిగృహమునకు రెండు మంచి నిఘంటువులు కొనియిత్తురేని మాకు సంతోషము. ఆదివారము ఉదయమున ఎనిమిదినుండి పదివఱకు నేను వసతిగృహమున కూర్చుండుటకు సిద్ధముగా నున్నాను. కాఫీ యక్కఱలేదు.

ఆ లంకపిల్లవాడు ఇపుడు నలువదులు దాటి, సొంతసేద్యము చేసికొనుచున్నాడు. మొన్న సంక్రాంతికి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ పిల్ల వేఱొక పోటీకి కాలువలు కట్టివేయుకాలమును గూర్చి వ్యాసము వ్రాసినదట, చూచిపెట్టుమనిరి. నేను కళ్లజోడు సవరించుకొని బల్లపై కలమునకై తడవుకొనుచుండగా నాతడు జేబులోనుండి తీసి నా చేతికిచ్చెను: "పెన్సిలు తెచ్చానండి, మాస్టారండీ." మూడుచోట్ల గీత గీచితిని. రెండు ప్రశ్నలడిగితిని. ఒకదానికి ఆ పిల్ల నాతో వాదించినది. ఆ మాట నట్లే యుంచుకొన్నది.